నడుం నొప్పి ఉంటే డోలు మానేయాలా?

ప్రశ్న: నా వయసు 41. మాది ఒంగోలు దగ్గర ఒక పల్లె. తాతల నాటి నుంచి మాది మేళం కుటుంబం. నేను డోలు, మా బావ సన్నాయి. గుడి సేవ కొంత, పెళ్ళిళ్ళు ఎక్కువ. రెండేళ్ళుగా నడుం నొప్పి వేధిస్తోంది. కూర్చుని వాయిస్తే ఫర్వాలేదు గానీ, ఊరేగింపులో డోలు భుజాన వేసుకుని అరగంట నడిచేసరికి నడుం పట్టేస్తుంది, కుడి పిరుదులోకి లాగుతుంది. డోలు దించి గొంతుక్కూర్చుంటే ఐదు నిమిషాల్లో నెమ్మదిస్తుంది. పొద్దున లేవగానే ఓ పావుగంట సరిగ్గా వంగలేను. ఎమ్మారై తీయిస్తే ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ బల్జ్ అని వచ్చింది. ఒక డాక్టరు గారు బెల్టు ఇచ్చి, డోలు పూర్తిగా మానేయమన్నారు. సీజన్లో మా ఊరి ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకుని పోతున్నాను. ఇప్పుడు ఆషాఢం కాబట్టి ఖాళీ. శ్రావణంలో వరసగా ముహూర్తాలున్నాయి, అడ్వాన్సులు తీసేసుకున్నాను. మానేస్తే ఇల్లు గడవదు. మా అబ్బాయికి 13 ఏళ్ళు. వాడూ డోలు నేర్చుకుంటున్నాడు. వాడికీ ఈ బాధ తప్పదా?

సమాధానం: మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన ముక్క, డోలు దించి గొంతుక్కూర్చుంటే ఐదు నిమిషాల్లో నెమ్మదిస్తుందని రాశారే, అది. ఎమ్మారై రిపోర్టు కన్నా అదే ఎక్కువ చెబుతోంది. బరువు ముందుకు వేలాడుతుంటే మనిషి తెలియకుండానే పొట్ట ముందుకు తోసి, వీపు వెనక్కి వాలుస్తాడు. అలా వాలినప్పుడు నడుం దగ్గర వెన్నుపూసల వెనక భాగంలో ఉండే చిన్న కీళ్ళు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. వాటి చుట్టూ ఉన్న కండరాలు ఆపకుండా బిగబట్టి ఉండాల్సి వస్తుంది. గొంతుక్కూర్చోగానే నడుం వంపు విడుస్తుంది, ఒత్తిడి తగ్గుతుంది. కాబట్టి మీ నడుం ఏదో విరిగిపోయి, అరిగిపోయి ఇలా అవుతోందని ఈ లక్షణాలు చెప్పడం లేదు. మోయగలిగిన దానికన్నా ఎక్కువ, మోయకూడని పద్ధతిలో మోస్తోందని చెబుతున్నాయి. మిమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టి పరీక్ష చేయకుండా ఇది ఖాయం అని రాయలేను. కానీ మీరు రాసిన వివరాలన్నీ అటువైపే చూపిస్తున్నాయి.

ముందు భయపడాల్సినవి ఏమిటో చెబుతాను, అవి మీకు లేకపోతే నిశ్చింతగా మిగతాది చదవచ్చు. మల మూత్రాల మీద పట్టు తప్పడం, మూత్రం వస్తున్నట్టుండి రాకపోవడం, రెండు తొడల మధ్య, కూర్చునే చోట స్పర్శ తెలియకపోవడం: వీటిలో ఏ ఒక్కటి కనబడినా పొద్దున వెళ్దాంలే అనుకోవద్దు, ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. అక్కడ గంటలు కూడా లెక్కే. నడుస్తుంటే పాదం జారిపోయి చెప్పు ఊడిపోతున్నా, మడమల మీద నిలబడలేకపోతున్నా ఆలస్యం చేయకూడదు. నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పడుకున్నా ఏ పక్కకి తిరిగినా తగ్గని నొప్పి ఉంటే డాక్టరుకి ఆ మాట ప్రత్యేకంగా చెప్పాలి. పొద్దుటి బిగుతు పావుగంట అన్నారు, అది మామూలే. అదే అరగంట దాటి, గంటదాకా ఉండి, తెల్లవారుజామున నొప్పికి మెలకువ వచ్చి, నడిస్తేనే తగ్గి, పడుకుంటే పెరుగుతుంటే అది వేరే జబ్బు కావచ్చు. కీళ్ళవాతం డాక్టరు, అంటే రుమటాలజిస్టు చూడాల్సిన నొప్పి అది.

ఇక ఆ డిస్క్ బల్జ్, అంటే వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ కాస్త బయటికి ఉబ్బడం. ఈ మాట చదివిన రోజు నుంచి వంగాలన్నా భయపడే వాళ్ళను చాలామందిని చూశాను. నొప్పి అంటే ఏమిటో తెలియని వాళ్ళకు స్కానింగులు తీసి చేసిన అధ్యయనాలను కలిపి, 3,110 మంది వివరాలతో 2015లో ఒక లెక్క వేశారు. 40 ఏళ్ళ వాళ్ళలో సగం మందికి డిస్క్ బల్జ్ ఉంది. 68 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది. వాళ్ళెవరికీ నడుం నొప్పి లేదు! 41 ఏళ్ళ మనిషి ఎమ్మారైలో బల్జ్ కనిపించడం తలలో నాలుగు తెల్ల వెంట్రుకలు కనిపించడం లాంటిదే. మీ నొప్పికి అది కారణం కావచ్చు, కాకపోవచ్చు. మోకాలు దాటి పిక్కలోకి, పాదంలోకి గుంజడం, తిమ్మిరి ఉంటే ఆ డిస్క్ నరాన్ని నొక్కుతోందని అనుమానించాలి. మీకు పిరుదు దగ్గరే ఆగిపోతోంది.

డోలు మానేయమన్న డాక్టరు గారిని తప్పు పట్టను. పది నిమిషాల్లో పేషెంటును చూసి పంపాల్సిన చోట అదే తేలికైన మాట. కానీ దీర్ఘకాలపు నడుం నొప్పికి విశ్రాంతి మందు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఈ నొప్పి మీద మార్గదర్శకాలు ఇచ్చింది. వ్యాయామం చేయించండి, జబ్బు గురించి అర్థమయ్యేలా చెప్పండి అంది. నడుం బెల్టులు, ట్రాక్షన్ (బరువులు కట్టి నడుమును లాగి ఉంచడం) రోజువారీ వైద్యంగా వద్దంది. మన దగ్గర నడుం నొప్పి అనగానే చేతిలో పెట్టేవి సరిగ్గా ఆ రెండే! మీ బెల్టును ఇప్పుడే పారేయమనను. ఊరేగింపు ఉన్న గంట ధైర్యానికి కట్టుకుంటే నష్టం లేదు. పొద్దస్తమానం కట్టుకుని తిరగడం మాత్రం మానేయండి.

ఇంజెక్షన్ సంగతి కాస్త గట్టిగానే చెప్పాలి. ఆ సిరంజిలో ఏముందో మీకు తెలుసా? చాలాచోట్ల అది డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు. కొన్నిచోట్ల దానికి స్టెరాయిడ్ కలుపుతారు. అందుకే అంత హాయిగా, అంత తొందరగా ఉంటుంది. పెళ్ళిళ్ళ సీజన్లో చెమటలు కారుతూ, సరిగ్గా నీళ్ళు తాగకుండా, వేళకు తినకుండా డైక్లోఫెనాక్ పదే పదే పడితే దెబ్బ కిడ్నీకీ కడుపుకీ తగులుతుంది. బీపీ ఉంటే మరీ ప్రమాదం. స్టెరాయిడ్ తరచూ పడితే షుగరు, ఎముకలు గుల్లబారడం వెంట వస్తాయి. సూది పిరుదులో తప్పు చోట దిగితే కాలి నరానికే దెబ్బ తగలొచ్చు. ఇకమీదట ఎవరు వేసినా మందు పేరు కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వనంటే వేయించుకోవద్దు. తప్పని రోజున నొప్పి మాత్ర కావాలంటే, మీ బీపీ, కిడ్నీ పరీక్షలు చూసిన ఎంబీబీఎస్ డాక్టరుతో ఒకటి రాయించుకుని, తిన్న తర్వాత, కొద్ది రోజులే వాడండి. వాయించడానికి ముందు మాత్ర వేసుకుని నొప్పి తెలియకుండా మూడు గంటలు మోయడం కన్నా, మోసే పద్ధతి మార్చుకోవడం మేలు.

ఆ పద్ధతి దగ్గరికే వద్దాం. మీ డోలు ఎన్ని కిలోలో రాయలేదు. ఒకసారి తూకం వేయించండి. తోలు వారులతో బిగించే పాత డోళ్ళ కన్నా ఇప్పటి ఇనుప కడ్డీలు, బోల్టుల డోళ్ళు బరువు ఎక్కువ. 12 కిలోలు అనుకుందాం. డోలు మధ్యభాగం మీ వెన్నుకు 30 సెంటీమీటర్లు ముందు వేలాడుతోందనుకోండి. వీపు కండరాలు వెన్నుపూస మధ్య నుంచి వెనక్కి దాదాపు 5 సెంటీమీటర్ల దూరంలో ఉండి ఆ బరువును ఆపాలి. 30ని 5తో భాగిస్తే 6. అంటే 12 కిలోల డోలును నిలబెట్టడానికి కండరాలు 72 కిలోల బలంతో లాగాలి. అదే డోలును 10 సెంటీమీటర్లు ఒంటికి దగ్గరగా తెస్తే ఆ 72 కాస్తా 48 అవుతుంది. ఇది మోటు లెక్కే. వెనక్కి వాలినప్పుడు కొంత బరువు సర్దుకుంటుంది కూడా. అలా వాలడమే మీకు నొప్పి తెస్తోంది కదా! డోలు బరువు మీ చేతిలో లేదు, దూరం మాత్రం మీ చేతిలో ఉంది.

అందుకని పట్టీతో మొదలుపెట్టండి. మెత్తటి గుడ్డ పట్టీ వాడకంలో సాగిపోయి, తెలియకుండానే డోలు కిందికీ ముందుకీ జారుతుంది. నిలువుటద్దం ముందు డోలు వేసుకుని పక్కకి తిరిగి చూసుకోండి. పొట్టకూ డోలుకూ మధ్య పిడికిలి పట్టేంత సందు ఉంటే పట్టీ కుదించాలి. మరీ పైకి లాగితే మోచేతులు, భుజాలు పైకి లేచి మెడ పట్టేస్తుంది. రెండు చేతులూ మోచేతి దగ్గర హాయిగా వంగే ఎత్తులో ఆగండి. బ్యాగులు కుట్టే వాళ్ళ దగ్గర నాలుగు వేళ్ళ వెడల్పున, లోపల స్పాంజి పెట్టి, పొడవు సర్దుకునే బకిల్ ఉన్న పట్టీ కుట్టించుకోండి. వీలైతే రెండు భుజాల మీదుగా వీపు మీద అడ్డంగా దాటేలా కుట్టించండి. బరువు ఒక్క భుజం మీద పడితే నడుం ఒక పక్కకి ఒరుగుతుంది. మీకు కుడి పిరుదులోకే లాగడంలో దీని వాటా ఉండొచ్చు. కొండలెక్కే వాళ్ళ సంచులకు నడుం దగ్గర ఒక బెల్టు ఉంటుంది చూశారా, బరువును భుజాల మీంచి తుంటి ఎముకల మీదకి దించడానికే అది. అలాంటి బెల్టుకు డోలు కింది అంచును ఆన్చి కట్టగలిగితే చాలా తేడా తెలుస్తుంది. చూడ్డానికి బాగుండదంటారా, పైన ఉత్తరీయం వేసుకుంటే కనబడదు.

వాయించే చోట ఎవరూ అడగకుండానే తీసుకోగల విశ్రాంతి చాలా ఉంది. ఊరేగింపు నాలుగు రోడ్ల కూడలిలో ఆగి టపాకాయలు కాలుస్తున్నంతసేపూ డోలు మీ మీద ఎందుకు? మడత స్టూలు ఒకటి వ్యాన్లో పడేయండి, మీ మేళంలో కుర్రాడెవరైనా తెస్తాడు. ఆగినచోటల్లా డోలు దాని మీదకి దించి, అక్కడే రెండుసార్లు గొంతుక్కూర్చుని లేవండి. నిలబడి ఉండక తప్పని చోట ఒక కాలు మెట్టు మీదో, అరుగు మీదో పెట్టండి, వెంటనే నడుం వంపు తగ్గుతుంది. ఐదు నిమిషాలకొకసారి కాలు మార్చండి. ఇద్దరు డోళ్ళ వాళ్ళున్న మేళమైతే ఊరేగింపులో చెరో అరగంట మార్చుకోవడం గౌరవానికి భంగమేమీ కాదు. పెళ్ళి పందిట్లో అయితే మంత్రాలు సాగే సమయమంతా మీదే. గట్టిమేళం అనే కేక ఎప్పుడు వస్తుందో మీకు నాకన్నా బాగా తెలుసు. దానికి పది నిమిషాల ముందు లేచి నాలుగడుగులు వేసి రండి. అదాటున కూర్చున్న బిగుతులోంచి గట్టిమేళంలోకి దూకితే నడుం పట్టేస్తుంది.

కూర్చుని వాయించడం మీకు ఇబ్బంది లేదన్నారు కాబట్టి దాని గురించి ఒక్క మాటే. బాసిపట్లు వేసినప్పుడు మోకాళ్ళు తుంటి కన్నా పైకి ఉంటే నడుం గూని అవుతుంది. పిరుదుల కింద దుప్పటి మడిచి మూడు నాలుగు అంగుళాల ఎత్తు పెట్టుకోండి. వీణ, వయొలిన్, మృదంగం వాయించే వాళ్ళకూ ఇదే చెబుతాను.

ప్రయాణం ఇంకో పెద్ద శత్రువు. రాత్రంతా వాయించి, తెల్లవారుజామున ట్రాలీ ఆటో వెనక ఇనుప రేకు మీద ముడుచుకుని రెండు గంటలు కుదుపులు తింటూ ఇంటికి రావడం చాలామంది మేళం వాళ్ళకు అలవాటే. బేరం కుదిరేటప్పుడే వచ్చి వెళ్ళడానికి సీట్లున్న బండి అని చెప్పి తీసుకోండి. దానికి వంద రూపాయలు తగ్గినా ఫర్వాలేదు. డోలు బండెక్కించేటప్పుడు చేతులు చాచి ఎత్తవద్దు. దగ్గరికెళ్ళి, మోకాళ్ళు వంచి, డోలును పొట్టకు హత్తుకుని లేవండి. రాత్రి ముహూర్తం చేసిన మర్నాడు పగలు ఆరేడు గంటలు నిద్రపోవాలి. నిద్ర కరువైతే ఉన్న నొప్పే రెట్టింపుగా తెలుస్తుంది. ఒళ్ళునొప్పులకని పెళ్ళి అయ్యాక వేసే పెగ్గు నిద్రను చెడగొడుతుందే తప్ప నడుముకు చేసేదేమీ లేదు. మీకా అలవాటు ఉందో లేదో రాయలేదు, లేకపోతే ఈ వాక్యం మీ మేళంలో ఇంకెవరికైనా.

అసలు సమస్య ఇప్పుడు చెబుతాను. మీ పంచాంగమే మీ నడుముకు పరీక్ష పెడుతోంది. ఆషాఢంలో నెల్లాళ్ళు డోలు గోడకి. మూఢం వస్తే ఇంకా ఎక్కువ. ఆ తర్వాత శ్రావణంలో ఒక్కసారిగా రోజు విడిచి రోజు ఊరేగింపు. ఆటగాళ్ళెవరూ నెలంతా ఇంట్లో కూర్చుని తిన్నగా టోర్నమెంటుకు పోరు. డోలు మోయడం కూడా అచ్చం ఒళ్ళు పనే. ఇందులో చేయి కొట్టే దెబ్బకు రోజూ సాధన చేస్తారు గానీ, మోసే నడుముకు సాధన ఎవరూ చేయించరు. మీ సాధనంతా కూర్చునే కదా!

ఆషాఢం ఇంకా ఉంది కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టండి. రోజు విడిచి రోజు డోలు వేసుకుని పెరట్లోనో, డాబా మీదో పది నిమిషాలు నడుస్తూ వాయించండి. వారానికి ఐదు నిమిషాలు చొప్పున పెంచండి. నొప్పి కాస్త తెలిసినా, దించాక గంటలోపు తగ్గిపోయి మర్నాటికి మామూలుగా ఉంటే కొనసాగించవచ్చు. మర్నాడు కూడా ఎక్కువగానే ఉంటే ముందు వారం కొలతకు వెనక్కి వెళ్ళండి. నాలుగు వారాల్లో 25 నిమిషాలకు చేరతారు, అంటే శ్రావణం నాటికి మీ మొదటి ఊరేగింపు మీ ఒంటికి కొత్త కాదు.

దీనితో పాటు రోజూ ఓ పావుగంట నేల మీద చేసేవి కొన్ని. చేతులు, మోకాళ్ళ మీద ఉండి కుడి చేయి ముందుకీ ఎడమ కాలు వెనక్కీ చాచి, నడుం ఊగకుండా ఒక ఆదితాళం ఆవర్తనం నిలపండి. కొంచెం నింపాది నడకలో లెక్కిస్తే ఎనిమిది పది సెకన్లు వస్తుంది, అంతే కావాలి. తర్వాత అటు చేయి, ఇటు కాలు. ఇలా ఆరేసి సార్లు. చేయి చాచేటప్పుడు నడుం కిందికి జారితే ఆవర్తనం మధ్యలోనే ఆపేయండి, లెక్క పూర్తి చేయాలనే పట్టుదల ఇక్కడ పనికిరాదు. తర్వాత పక్కకి ఒరిగి, మోచేయి, మోకాళ్ళ మీద ఆని తుంటి పైకెత్తి మళ్ళీ ఒక ఆవర్తనం, రెండు వైపులా. మూడోది అన్నిటికన్నా మీకు సరిపోయేది: ఒక్క చేత్తో నీళ్ళ బకెట్ పట్టుకుని, ఎటూ ఒరగకుండా నిటారుగా ఇంటి చుట్టూ నడవడం, తర్వాత చేయి మార్చడం. సగం బకెట్‌తో మొదలుపెట్టండి. ఒక పక్క బరువుకు ఒరగకుండా నిలబడటమే డోలు మీ నుంచి అడిగేది. చివర్లో వెల్లకిలా పడుకుని రెండు మోకాళ్ళూ గుండెకు హత్తుకుని నిమిషం పాటు ఊపిరి పీలుస్తూ ఉండండి. గొంతుక్కూర్చుంటే వచ్చే హాయే ఇక్కడా వస్తుంది. వాయించి వచ్చిన రాత్రి కూడా ఇది చేసి పడుకోండి.

వీటిలో ఏది చేసినా నొప్పి మోకాలు దాటి కిందికి దిగితే ఆపి చూపించుకోవాలి. ఒక్కసారైనా ఫిజియోథెరపిస్టు ఎదుట చేసి, తప్పులు దిద్దించుకోవడం మంచిది. మెడికల్ కాలేజీ ఉన్న ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో ఫిజియోథెరపీ విభాగం ఉంటుంది. వెళ్ళేటప్పుడు ఎమ్మారై ఫైలు ఒక్కటే పట్టుకుపోకుండా డోలు కూడా తీసుకెళ్ళండి. వరండాలో జనం చూస్తారని మొహమాటపడొద్దు. డోలు వేసుకుని నిలబడ్డ మిమ్మల్ని రెండు నిమిషాలు చూస్తే నేను ఇంత పొడవున రాసింది వాళ్ళకు కళ్ళకు కట్టినట్టు తెలిసిపోతుంది. ఆరేడు వారాలు శ్రద్ధగా చేసినా తేడా కనబడకపోతే అప్పుడు ఆర్థోపెడిక్ డాక్టరు సలహా మళ్ళీ తీసుకుందాం. ఆపరేషన్ మాట ఇప్పటికైతే మీ ఉత్తరంలో ఎక్కడా కనబడటం లేదు.

అడ్వాన్సులు తీసుకున్న ముహూర్తాలు వదులుకోనక్కర్లేదు. కానీ వరసగా మూడు రోజులు ఊరేగింపులుంటే మధ్యదానికి ఇంకో డోలు మనిషిని మాట్లాడుకోండి, లేదా ఆ రోజు పందిట్లో కూర్చునే వాయించేలా ఒప్పించండి.

ఇక మీ అబ్బాయి. నడుం నొప్పి వంశపారంపర్యంగా డోలుతో పాటు వచ్చే ఆస్తేమీ కాదు. వాడు నేర్చుకోవడం ఆపొద్దు, మోయడం ఆపండి. స్కూలు బ్యాగు పిల్లల బరువులో పదోవంతు దాటకూడదని 2020లో కేంద్రం తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ చెబుతోంది. మీ వాడు 40 కిలోలుంటే అది 4 కిలోలు. మీ డోలు మనం అనుకున్నట్టు 12 కిలోలైతే దానికి మూడింతలు! ఎదిగే ఒంటి మీద అంత బరువు గంటలకొద్దీ వేలాడదీయడం తగదు. ఇంట్లో కూర్చుని, చిన్న డోలు మీద, ప్రతి అరగంటకూ లేచి తిరుగుతూ సాధన చేయనివ్వండి. సాయంత్రాలు ఆటలకు పంపండి, డోలు పేరుతో ఆటలు మాన్పించకండి. మీరు చేసే బకెట్ నడక పావు బకెట్‌తో వాడితోనూ చేయించవచ్చు. ఊరేగింపుకు వస్తానంటే తాళం చేతికిచ్చి మీ పక్కన నడిపించండి, ఒళ్ళు పూర్తిగా ఎదిగేదాకా భుజాన డోలు వద్దు.